లివరు కింద చెక్క చీల

బిట్రగుంట,
జూన్ 12, గురువారం.

నాయనకు,

నీ కూతురు అబిగయీలు ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాయునది. ఇక్కడ నేను, ఇల్లు, షెడ్డు, అమ్మ నా మీద వదిలేసి పోయిన అయిదు కోళ్లు, అందరం దేవుని దయవల్ల క్షేమమే. అక్కడ నువ్వూ అమ్మా క్షేమమని తలుస్తాను అని రాయాలి. ఆ వాక్యం దగ్గర పెన్ను ఆగిపోయింది. తలచడం కాదు నాయనా, గంటగంటకూ అడుక్కుంటున్నాను.

పోయిన ఉత్తరంలో పద్ధతిగా 'మీరు' అని రాస్తే, ఈ మీరు ఎవరు అని పలక మీద రాసి అమ్మకు చూపించి నవ్వావట. నవ్వావని అమ్మ చెప్పినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. అందుకని ఈసారి ఇంట్లో పిలిచినట్టే రాస్తున్నాను. పైగా ఈ ఉత్తరంలో నిన్ను తిట్టాల్సింది కొంత ఉంది. మీరు మీరు అంటూ తిడితే ఊపు రాదు.

ఆనందబాబు మామ రేపు పొద్దున చెన్నై బండికి వస్తున్నాడు. ఇది ఆయన చేతికే ఇస్తాను. పోస్టులో వేస్తే సోమవారంలోగా అందుతుందో లేదో, సోమవారం దాటాక అందినా ప్రయోజనం లేదు. సోమవారం సాయంత్రంలోగా నువ్వు సంతకం పెడితే మంగళవారం నీకు ఆపరేషన్. పెట్టకపోతే ఆ రోజు ఇంకొకరికి పోతుంది, మళ్లీ ఎప్పుడో డాక్టర్లే చెప్పలేమంటున్నారు. గొంతులో గడ్డ అప్పటిదాకా కాచుకుని కూర్చోదు. ఇదంతా నీకు తెలుసు. నాకూ తెలుసని నీకు తెలియాలి.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. అమ్మ స్పీకరు పెట్టి నీ చెవి దగ్గర పెడితే, బదులు చెప్పలేక గోడవైపు తిరిగి పడుకుంటున్నావట. నేనే బండెక్కి వస్తానంటే, వస్తే ఆ రోజే ఆసుపత్రి వదిలి పోతానని పెద్దపెద్ద అక్షరాలతో రాసి పంపావు. మొండితనంలో నిన్ను మించినవాడు మన లోకో కాలనీలో పుట్టలేదు. ఉత్తరం అయితే గోడవైపు తిరిగి కూడా చదువుకోవచ్చు. అందుకే రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి బదులు చెబుతాను. తింటున్నావా అని అడిగావు, తింటున్నాను. ఎలిశబెతు అవ్వ రోజూ గిన్నె పంపిస్తోంది. నిన్న మామిడికాయ వేసి చేపల పులుసు. వేట నిషేధం కదా, సముద్రపు చేప కాదు, చెరువు చేపే. నీకు పంపే వీల్లేదని అవ్వ కాసేపు బాధపడి, తర్వాత నా తలకు నూనె లేదని తిట్టి పోయింది. ముత్యాలయ్య పడవ షాఫ్టు అయిందా అని అడిగావు. అయింది. ఈ పొద్దునే తుమ్మలపెంట నుంచి మనుషులు వచ్చి భుజాన వేసుకుని పోయారు. ఆదివారం నిషేధం ఎత్తేస్తారు, ఆ రోజు వాళ్ల పడవ అందరితో పాటు నీళ్లలో ఉంటుంది. ఆ షాఫ్టు ఎలా అయిందో కింద రాస్తాను.

గుడిలో పాట ఎవరు ఎత్తారు అని అడిగావు. అది ఆఖర్న చెబుతాను.

మన లేతు మిషను గురించి ఒకే ఉత్తరంలో మూడుసార్లు అడిగావు. రోజూ మగ్గుడు నూనె పోస్తున్నావా అని ఒకసారి, లివరు కింద చీల జాగ్రత్త అని ఒకసారి, చివర్లో గీత గీసి మరీ, ఆ కారే చోట మాత్రం చెయ్యి పెట్టొద్దు అని. నాయనా, నేను చెయ్యి పెట్టాను.

నీకు తెలిసిన మిషను గురించి నీకే చెప్పడం తమాషాగా ఉంటుంది. కానీ నేను దాన్ని ఎలా చూస్తూ పెరిగానో నీకు తెలియదు కదా. పదహారేళ్లప్పుడు మొదటిసారి షెడ్డులోకి వచ్చినప్పుడు నా కంట పడింది రెండు. ఒకటి, హెడ్డు పక్కన, నడిపే లివరు బయటికి వచ్చే చోట కారుతున్న నూనె. ఎప్పుడూ సన్నటి ధార, కింద ఎప్పుడూ డబ్బా. రెండోది, ఆ లివరు కిందే నువ్వు దోపి పెట్టిన చెక్క చీల. లివరు కిందికి నొక్కితే తిరగాలి, మధ్యలో పెడితే ఆగాలి. అది మధ్యలో నిలిచే రకం కాదు, దానంతటది కిందికి జారుతుంది. అందుకని ఆపిన ప్రతిసారీ చీల దోపుతావు, నడపాలంటే చీల లాగుతావు. తాత రైల్వే వేలంలో దాన్ని కొన్ననాటికే అలా ఉందో, తర్వాత అయిందో నాకు తెలియదు. ఆ రోజు నేను కారే నూనెను వేలితో చూపించాను. లేతు తిరుగుతోంది, మాట వినపడదు. నువ్వు అరచెయ్యి కిందికి పెట్టి రెండుసార్లు ఊపావు. వదిలెయ్, అది అంతే.

అదే నువ్వు నాకు నేర్పిన మొదటి గుర్తు. తర్వాత మిగతావి వచ్చాయి. పిడికిలి ఎత్తితే ఆపు. బొటనవేలితో వేళ్లు రుద్దితే నూనె వెయ్యి. చూపుడువేలు గాలిలో ఒక చుట్టు తిప్పితే నడుపు. ఆ మోతలో పదిహేనేళ్లు మనం అలాగే పనిచేశాం.

ఇప్పుడు అబద్ధం సంగతి. పోయిన ఉత్తరంలో చీల భేషుగ్గా ఉందని రాశాను. అది రాయడానికి మూడు రోజుల ముందు, శుక్రవారం, లేతు ఆపి, చీల దోపి, షాఫ్టు కొలుస్తున్నాను. చీల మీద నూనె కారి కారి జారుడుగా ఉంది. ఎప్పుడు జారిందో తెలియదు, లివరు దానంతటది పడి, షాఫ్టును పట్టిన చక్ తిరగడం మొదలుపెట్టింది. నా చొక్కా చెయ్యి అందులో చుట్టుకుంది. నీ పాత ఖాకీ చొక్కా, అరిగిపోయిన బట్ట కాబట్టి చిరిగి ఊడొచ్చింది. కొత్త చొక్కా అయి ఉంటే చెయ్యి ఊడొచ్చేది. మోచేతి నుంచి మణికట్టు దాకా దోక్కుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు, ఇప్పుడు మానింది. అమ్మకు చెప్పొద్దు. అయ్యో, నేనే మళ్లీ చెప్పొద్దు అంటున్నాను చూడు.

ఆ రోజు స్టూలు మీద కూర్చుని చాలాసేపు చీలను చేతిలో పట్టుకుని చూశాను. తుమ్మచెక్క. నీ వేళ్ల అచ్చు పడి ఒకవైపు గుంటలు పడింది. ఎన్నేళ్లు దీన్ని తీసి దోపి, తీసి దోపి బతికావో అనుకుంటే నీ మీద జాలేసింది, కోపమూ వచ్చింది. ఇక ఇది వద్దు అనుకున్నాను.

నా ప్రతాపం కొంచెం విను. లివరు ఇరుసు దూరే రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. లివరు ఊగేదీ అందుకే, నూనె కారేదీ అక్కడి నుంచే. రెండు జబ్బులకూ ఒకటే పుండు. మిషను విప్పక ముందే ఇరుసుకు తొడగడానికి దాని మీదే కంచు బుష్షు ఒకటి చెక్కుకున్నాను, తన మందు తనే నూరుకున్నట్టు. కావలి నుంచి రీమరు అడిగి తెచ్చి, రంధ్రాన్ని చేత్తోనే గుండ్రం చేసి, బుష్షు కొట్టి, దాని వెనక రబ్బరు సీలు పెట్టాను. లోపల లివరు ఆగాల్సిన గుంట అరిగి అద్దంలా అయింది, అది కొత్తగా కోసి, బేరింగులోంచి తీసిన గుండు, స్ప్రింగు వేశాను. మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు లివరు మధ్యకు తెస్తే ఠక్కుమని కూర్చుంది. చీల లేదు. కింద డబ్బా ఖాళీ. నా జన్మలో ఆ డబ్బాను ఖాళీగా చూడలేదు. ఫోటో తీశాను నీకు చూపిద్దామని. చెయ్యి పెట్టొద్దన్నావు కదా, పంపే ధైర్యం లేక ఊరుకున్నాను.

నాలుగు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. సోమవారం పదకొండు గంటలకు, ముత్యాలయ్య షాఫ్టు మీద ఆఖరి కోత నడుస్తుండగా, కింద ఎక్కడో కీచుమంది. తర్వాత కాలిన వాసన. టూలును నడిపించే రాడ్డు బిగుసుకుపోయి ఒక్కసారి గుంజింది, టూలు షాఫ్టులోకి దిగి గోరు మునిగేంత లోతు గాడి పెట్టింది. నేను పిడికిలి ఎత్తి నీ స్టూలు వైపు తిరిగాను. ఆపమని నీకు చెప్పడానికి. స్టూలు మీద నీ ఖాళీ టీ గ్లాసు ఉంది, నువ్వు లేవు. అప్పుడు నేనే లివరు ఎత్తాను. అది మాత్రం కొత్త గుంటలో కూర్చుంది, మళ్లీ జారలేదు.

రాడ్డు బుష్షు విప్పి చూస్తే చుక్క నూనె లేదు. నూనె పోసే కన్ను కోసం వెతికాను. పైన కన్ను ఉండాల్సిన చోట ఇత్తడి అతుకు ఉంది. బ్రాకెట్టు ఎప్పుడో పగిలితే నువ్వే అతికించినట్టున్నావు. ఆ అతుకు కింద కన్ను మూసుకుపోయింది. మరి ఇన్నేళ్లూ దానికి నూనె ఎలా అందిందంటే, పైన లివరు దగ్గర కారే నూనె మిషను ఒంటికి ఆనుకుని జారి, సరిగ్గా ఆ బుష్షు సందులోకి దిగేది. నేను పైన కారుడు ఆపాను, కింద గొంతెండి చచ్చింది.

నీకు తెలుసు నాయనా. నీకు తెలుసు కాబట్టే గీత గీసి రాశావు. కింద కన్ను మూసుకుపోయింది, ఆ కారుడే దానికి ఆధారం అని ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేది? రాస్తే అతుకు వేసేటప్పుడు కన్ను మూసేశానని కూతురి దగ్గర ఒప్పుకోవాలి. మాస్టరు టర్నరు హెబ్రోను తప్పు చేశాడని బిట్రగుంటలో ఒక కోడికి కూడా తెలియకూడదు. దానికి ఇన్నేళ్లూ రోజుకు మగ్గుడు నూనె నేలపాలు చేశావు. ఆ సోమవారం షెడ్డులో ఒక్కదాన్నే నిలబడి నిన్ను తిట్టని తిట్టు లేదు. తర్వాత నేల మీద కూర్చుని ఏడ్చాను. మిషనుకు కాదు ఏడ్చింది. ఇలాంటివి దాంట్లో ఇంకా ఎన్ని దాచావో నాకు తెలియదు, అడగడానికి నువ్వు ఉంటావో ఉండవో తెలియదు.

ముత్యాలయ్య ఆ మధ్యాహ్నమే వచ్చాడు, షాఫ్టు తీసుకుపోదామని. గాడి చూపించాను. అరుస్తాడనుకున్నాను. నిషేధం ఎత్తేసిన మొదటి రోజు పడవ దించలేకపోతే వాళ్లకు ఎంత నష్టమో మనకు తెలియంది కాదు. ఆయన వేలు పెట్టి గాడిని తడిమి, తన బావ పడవలోది పాత షాఫ్టు ఒకటి ఇంటి వెనక పడి ఉందని, అది తెచ్చిస్తాను దాన్ని చెక్కియ్యమని అన్నాడు. తర్వాత నీ సంగతి అడిగాడు. చెప్పాను. గొంతుపెట్టె తీసేస్తారు, మెడ దగ్గర కన్నం పెడతారు, ఊపిరి అందులోంచే, మాట ఉండదు, అందుకని సంతకం పెట్టడం లేదు అని. ఆయన గాడి మీద నుంచి వేలు తీసి అన్నాడు:

"మాట పోద్దని భయపడతా ఉండాడా మీ నాయన? మా పడవలో ఇంజను ఏసినాక ఎవరు మాట్లాడతారు పాపా? పొద్దుగూకులూ చేతులే గదా. నేనూ మా బావా పన్నెండేళ్లు ఒకే పడవలో పోతా ఉండాం, ఒడ్డుకొచ్చినాకే వాడి గొంతు ఇంటాను. అదీ ఇనకపోతే బాగుండు అనిపిస్తాది."

నవ్వొచ్చింది నాయనా. ఆ కన్నీళ్లలోనే నవ్వాను. అంత దూరం సముద్రంలో వల లాగే వాళ్లకు చేతులు చాలుతున్నాయి.

మంగళ, బుధ వారాలు ఆ బుష్షు పని చేశాను. నీ అతుకు జోలికి పోలేదు, పోతే బ్రాకెట్టు మళ్లీ పగులుతుంది. మిషను చేసినవాళ్లు ఎన్నడూ రంధ్రం పెట్టని చోట, ముందువైపు నుంచి ఏటవాలుగా కొత్త కన్నం వేశాను. అందులో చిన్న రాగి గొట్టం, పైన మూత. చూడ్డానికి ఏమీ బాగోలేదు, మూతికి బీడీ పెట్టినట్టుంది. రోజూ పొద్దున నాలుగు చుక్కలు పోస్తే సాయంత్రం దాకా చాలు. దాని మీదే ముత్యాలయ్య రెండో షాఫ్టు తిప్పాను, వెంట్రుకవాసి తేడా లేదు.

పాస్టరుగారు ప్రతిదానికీ ఉపమానం తీస్తే నువ్వు ఇంటికొచ్చి, విత్తనాన్ని విత్తనంగా ఉండనివ్వరు వీళ్లు అని విసుక్కుంటావు. కాబట్టి నేను ఉపమానం చెప్పను. లేతు లేతే, నువ్వు నువ్వే. కన్నం వేశాను, నడుస్తోంది. అంతవరకే రాశాను.

ఇక్కడిదాకా రాసి లేచి కోళ్లకు గింజలు వేసి వచ్చాను. వాటికి ఆకలేం లేదు, రాయాల్సింది రాయడానికి భయమేసి లేచాను. ఇప్పుడు రాస్తాను.

డిసెంబరు మొదటి ఆదివారం నువ్వు గుడికి పోతూ దారిలో ఆగి, గొంతు పట్టేసింది, ఈ ఒక్క ఆదివారం నువ్వు పక్కన నిలబడి అందుకో, నేను పెదవులు కదిలిస్తాను అన్నావు. ముప్ఫై ఏళ్లుగా గుడిలో పాట ఎత్తేది నువ్వు. నా గొంతు చూస్తే నీదిలాగే బొంగురు, చిన్నప్పుడు పిల్లలు వెక్కిరిస్తే ఏడ్చేదాన్ని. మైకు నీ ముందు, నేను నీ భుజం పక్కన. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఒక్క ఆదివారం క్రిస్మస్ దాకా పోయింది, క్రిస్మస్ నుంచి ఏప్రిల్లో మట్టలాదివారం దాకా, అక్కడి నుంచి నువ్వు మంచం పట్టేదాకా. మార్చిలో నీ తువ్వాలు ఉతుకుదామని తీస్తే దాని మీద రక్తపు చార. షెడ్డులోకి తెచ్చి ఎత్తి చూపించాను. లేతు తిరుగుతోంది. నువ్వు అరచెయ్యి కిందికి పెట్టి రెండుసార్లు ఊపావు.

వదిలేశాను నాయనా. నూనె కారితే వదిలేసినట్టే వదిలేశాను. తువ్వాలు ఉతికి ఆరేశాను, అమ్మకు చెప్పలేదు.

మొన్న శనివారం అమ్మ ఫోనులో ఏడుస్తూ చెప్పింది. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే, డిసెంబరులోనో జనవరిలోనో వచ్చి ఉంటే, గొంతు తియ్యకుండా కరెంటు పెట్టి నయం చేసే వీలుండేదని డాక్టరు అన్నాడట. నీకు చెప్పొద్దంది. నేను చెబుతున్నాను. ఒకరికొకరం చెప్పుకోకుండానే ఇంతదాకా తెచ్చుకున్నాం. నేను ఆ మొదటి ఆదివారమే, నాకు రాదు, నేను పాడను, పద ఆసుపత్రికి అని మొండికేసి ఉంటే నువ్వు వెళ్లేవాడివి. పాట ఆగిపోతే తట్టుకోలేక వెళ్లేవాడివి. నేను పక్కన నిలబడి ఆగకుండా చూశాను. లివరు కింద చీల ఎలాగో, ఆరు నెలలు నీ గొంతు కింద నేను అలాగ.

ఇంకా ఒకటుంది, ఇది ఇంకా కష్టం. నాకు అది బాగుండేది. గుడి అయిపోయాక మెట్ల దగ్గర ఎవరైనా వచ్చి, ఈ పొద్దు పాట చాలా బాగుంది హెబ్రోనన్నా అంటే, నువ్వు తల వంచేవాడివి, నా ఒళ్లు పులకరించేది. నా గొంతును నలుగురూ మెచ్చుకోవడం నా బతుకులో అదే మొదలు. ఆ మాట కోసం వచ్చే ఆదివారం ఎప్పుడా అని చూసేదాన్ని. తువ్వాలు మీద రక్తం చూసిన తర్వాత కూడా. నన్ను క్షమించు అని రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

గుడిలో పాట ఎవరు ఎత్తారు అని అడిగావు కదా, మొన్న ఆదివారం సంగతి చెబుతాను. అమ్మ ఆ మాట చెప్పిన మర్నాడే అది. మైకు ముందుకు వెళ్లాను. పక్కన నువ్వు లేవు. పుస్తకం తెరిచాను, గొంతు రాలేదు. జనం చూస్తున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆరు నెలలుగా మీరు విన్న పాట మా నాయనది కాదు, నాది, ఆయన జబ్బును నేనే దాచాను అని. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఎలిశబెతు అవ్వ కర్ర పట్టుకుని లేచింది.

"మాకు తెలుసులేమ్మా. మొదటి ఆదివారమే తెలిసింది. ముప్ఫై ఏళ్లు ఇన్న గొంతు గుర్తుపట్టమా? ఆయనకి సిన్నతనంగా ఉంటాదని అందరం నోరు మూసుకున్నాం. తప్పు చేసినాం. అడిగి ఉండాల్సింది."

తర్వాత ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా, అవ్వే పాట ఎత్తింది. రాగం లేదు, తాళం లేదు, ఊపిరి అందక మధ్యలో రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా గుడంతా ఆగి ఆమె కోసం కాచుకుంది. నేను అంత బాగా విన్న పాట ఇంకోటి లేదు.

నీ ఉత్తరంలో రాశావు, గొంతులేనివాడు గుడిలోకి ఏ మొహంతో వస్తాడు అని. నాయనా, ఆరు నెలలుగా వాళ్ల ముందు నిలబడింది గొంతులేని హెబ్రోనే. వాళ్లకు తెలుసు. తెలిసి కూడా ఒక్కరు నీ చోట ఇంకొకరిని నిలబెట్టమనలేదు. నువ్వు ఎవరి ముందు దాచుకోవాలని చావడానికి సిద్ధపడుతున్నావో, వాళ్లు ఎప్పుడో చూసేశారు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

నాకు భయంగా ఉంది. ఇంతకాలం నీకు ఈ మాట చెప్పలేదు, టర్నరు భయపడకూడదని నువ్వే అన్నావు. పొద్దున షట్టరు ఎత్తుతుంటే భయం, ఫోను మోగితే భయం, అమ్మ పేరు కనిపిస్తే ఇంకా భయం. నువ్వు చచ్చిపోతావని భయం. నీ పాట నాకు అక్కర్లేదు. ఆ స్టూలు మీద నువ్వు కావాలి. టీ గ్లాసు ఖాళీగా ఉంటే చూడలేకపోతున్నాను, కడిగి పెట్టలేకపోతున్నాను. ఆ మిషనులో ఇంకా ఏ కన్ను ఎక్కడ మూసుకుపోయిందో నాకు చెప్పాలి, చూపించాలి, తప్పు చేస్తే నెత్తిన మొట్టాలి. వీటిలో దేనికి గొంతు కావాలో నువ్వే చెప్పు. గుడిలో, అన్నం దగ్గర తప్ప నీ గొంతు నేను ఎప్పుడు విన్నాను? షెడ్డులో పదిహేనేళ్లు నీ చెయ్యే విన్నాను, ఒక్కసారి కూడా నువ్వు చెప్పింది నాకు అర్థం కాకుండా పోలేదు.

చీలను ఈ కవరులోనే పెట్టాను. పారెయ్యడానికి చేతులు రాలేదు, మళ్లీ దోపడానికీ రాలేదు. కాగితానికి అంటిన మరక దానిదే. కన్నీళ్లనుకుని అమ్మ మళ్లీ మొదలుపెడుతుంది, నూనె అని చెప్పు.

సోమవారం పొద్దున బండికి నేను వస్తున్నాను. నువ్వు పెద్దక్షరాలతో ఏం రాసినా సరే, ఆసుపత్రి వదిలి ఎంత దూరం పోతావో నేనూ చూస్తాను. నేను వచ్చేసరికి సంతకం అయిపోయి ఉండాలి, పలక మీద కాదు, వాళ్లిచ్చిన కాగితం మీద. మంగళవారం నిన్ను బయటికి తెచ్చినప్పుడు తలుపు దగ్గరే ఉంటాను. పలక అందివ్వను. అరచెయ్యి మాత్రం ఊపొద్దు, ఆ గుర్తును మన షెడ్డులోంచి తీసేశాను, ఇక అది నాకు అర్థం కాదు. కళ్లు తెరవగానే చూపుడువేలు ఎత్తి గాలిలో ఒక్క చుట్టు తిప్పు. సగం చుట్టు తిప్పినా చాలు. నేను చూస్తూ ఉంటాను.

ఇట్లు,
నీ పక్కన నిలబడే నీ కూతురు,
అబిగయీలు